చార్లెస్ బాబేజీకి ఆరు కిలోల బియ్యం

జయప్రకాశ్‌కు ఆ బుధవారం పొద్దున ఉప్మాతోపాటు నోటీసు కూడా అందింది.

"ఆదివారం మధ్యాహ్నానికల్లా ముందుగది ఖాళీ చెయ్యాలె" అంది ప్రసూన, గిన్నెలోంచి గరిటె తియ్యకుండానే.

ఎందుకు అని అడగాలి. మామూలు భర్త అయితే అడుగుతాడు. జయప్రకాశ్ అడగలేదు. అడిగితే ఆమె కారణం చెబుతుంది. ఆ కారణం న్యాయంగా ఉంటుంది. న్యాయమైన కారణం విన్నాక మగవాడికి దాక్కోవడానికి చోటుండదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో అతను నేర్చుకున్న మనస్తత్వశాస్త్రం ఇంతే.

ముందుగది అంటే టేకులపల్లి మెయిన్‌రోడ్డు మీదికి తలుపున్న గది. తలుపు పైన 1998లో రాయించిన బోర్డు ఉంది. 'ప్రసూన కంప్యూటర్స్'. దాని కింద డాస్, లోటస్, వర్డ్‌స్టార్. పెళ్లయిన కొత్తలో పెళ్ళాం పేరు పెట్టడం ప్రేమ అనుకున్నాడు. అది దస్తావేజు అని ఇప్పుడు తెలిసింది.

"బోర్డు మీద నా పేరే ఉన్నది గదా. నా గది నాకు గావాలె."

"పేరు రాసి ఉంటే సొంతమైపోతుందా? బస్సు మీద భద్రాచలం అని రాసి ఉంటుంది. బస్సు రాములవారిదా?"

"రాములవారు బస్సు ఊడ్వరు. నేను ఈ గది రోజూ ఊడుస్తున్న."

"అందులో నా జీవితం ఉంది ప్రసూనా."

"అవ్. మొన్న దులిపితే ఒక జెర్రి గూడ ఉన్నది."

ఆ జీవితం సంగతి కొంచెం చెప్పుకోవాలి. టేకులపల్లికి మొదటి కంప్యూటర్ తెచ్చింది జయప్రకాశే. ఖమ్మం నుంచి జీపులో, వాళ్లమ్మ కుట్టిన బొంతలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వస్తుంటే చూడటానికి జనం చెప్పులు విడిచి లోపలికొచ్చారు. అప్పుడు అతన్ని ఫ్లాపీ సారు అనేవాళ్లు, గౌరవంగా. ఫ్లాపీలు పోయాయి. గౌరవమూ పోయింది. పేరు మిగిలింది.

అతను డాస్ నేర్చుకుని నేర్పబోయేసరికి విండోస్ వచ్చింది. విండోస్ పట్టుబడేసరికి ఇంటర్నెట్ వచ్చింది. మోడెం పెట్టించి గంటకింత అని నలుగురిని కూర్చోబెట్టేసరికి ఆ నలుగురి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సీడీలు కాల్చే మిషను కొన్న నెలకే పెన్‌డ్రైవులు దిగాయి. కంప్యూటర్ చరిత్రలో ప్రతి మైలురాయీ అతని గుండెల మీదుగానే దొర్లుకుంటూ పోయింది.

ఆఖరి విద్యార్థి వచ్చి పదకొండేళ్లయింది. మూడు రోజులు వచ్చాడు. నాలుగో రోజు గొడుగు మర్చిపోయానని వచ్చి, తీసుకుని వెళ్లిపోయాడు.

అయినా జయప్రకాశ్ రోజూ పది నుంచి ఒంటిగంట దాకా, నాలుగు నుంచి ఏడు దాకా ఆ గదిలో కూర్చునేవాడు. రోడ్డు మీద ఎవరైనా నడిచిపోతే టైపు కొట్టేవాడు. ఎవరూ నడవకపోయినా కొట్టేవాడు, వంటింట్లోకి వినపడాలని. మనిషి పనిలో ఉన్నట్టు ఒక్కరైనా నమ్ముతుంటే, తనూ కొంత నమ్మవచ్చు.

"ఆ ఏ ఎస్ డి ఎఫ్ చాలుగాని, జర వచ్చి కొబ్బరికాయ కొట్టుండ్రి" అనేది వంటింట్లోంచి ప్రసూన. చప్పుడును బట్టి ఏ మీటలు నొక్కుతున్నాడో ఆమెకు తెలిసిపోయేది.

అందుకే నోటీసు అందిన రోజున అతనికి ముద్ద దిగలేదు. ఆ గది పోతే తను ఎవరు? హాల్లో కూర్చుంటే భర్త. వాకిట్లో కూర్చుంటే పనిలేనివాడు. ఆ గదిలో కూర్చున్నంతసేపే సారు.

"ఒక్క అవకాశం ఇవ్వు" అన్నాడు చివరికి.

ప్రసూన ఆలోచించింది. 

"మంచిది. ఆదివారం మధ్యాహ్నం లోపల మీ కంప్యూటర్ కోసం పదిమంది వాళ్లంతట వాళ్లు గడప లోపలికి రావాలె. గది మీదే. మళ్ల ఆ మాటెత్తను. తక్కువైతే సాయంత్రానికి సామాను దొడ్లకు పోవాలె. మీ అన్నదమ్ములు లెక్కకు రారు."

"వాళ్లు పిలిచినా రారు" అన్నాడు జయప్రకాశ్. అది నిజం కూడా.

నాలుగు రోజులు. పదిమంది. కంప్యూటర్ నేర్పుతానంటే రారు. చూపిస్తానంటే? గదిలో ఉన్నది తుక్కు అని ఆమె అంటోంది. వరసలో పెట్టి చీటీలు అంటిస్తే అదే తుక్కు చరిత్ర అవుతుంది. 'కంప్యూటర్ పుట్టుక నుంచి నేటి దాకా: ప్రదర్శన, ఉపన్యాసం'. ఆలోచన వచ్చాక అతనికి రెండో విడత ఉప్మా కూడా దిగింది.

ప్రచారం కోసం దస్రును పట్టుకున్నాడు. దస్రు ఆటో తండాలకూ గూడేలకూ టేకులపల్లికీ మధ్య తిరుగుతుంది. దస్రు చెవిలో వేసిన మాట పొద్దుగూకేలోపు పన్నెండు ఊళ్లు తిరుగుతుంది.

"ఏం పోగ్రాం సారూ?"

"పూసల చట్రంతో మొదలుపెట్టి, చిల్లుల కార్డులు, వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్, మైక్రోప్రాసెసర్..."

దస్రు ముఖం, వాన వచ్చేముందు తండా తలుపులు మూసుకున్నట్టు, మెల్లగా మూసుకుంది. జయప్రకాశ్ కంగారుపడి కుదించాడు.

"ఆదివారం పొద్దున అందరూ మా ఇంటికి రావాలి. కంప్యూటర్ ముందు కూర్చోబెడతాను. పైసా తీసుకోను. రానివాళ్లు వెనకబడిపోతారు."

ఈ ఆఖరి వాక్యం 1998 నాటి కరపత్రంలోది. అప్పట్లో దానికి ఎవరూ బెదరలేదు. దస్రు మాత్రం బండి ఇంజను ఆపేశాడు.

"రానోళ్లు ఏమైతరు?"

"వెనకబడిపోతారు."

"ఈ ఆదివారమే ఆఖరా?"

"ఈ ఆదివారమే ఆఖరు" అన్నాడు జయప్రకాశ్. తన సంగతి తలుచుకునేసరికి గొంతు కొంచెం వణికింది.

ఆ వణుకు దస్రు చెవులారా విన్నాడు. "ముసలోళ్లు గూడ రావాలెనా?"

"ముసలివాళ్లే ముందు రావాలి."

దస్రు ఇంకేమీ అడగకుండా, మామూలుగా వెళ్లేదానికన్నా వేగంగా వెళ్లిపోయాడు. చదువు మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని ఇన్నాళ్లూ పట్టించుకోలేదే అని జయప్రకాశ్ బాధపడ్డాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి తలుపు తీశాడు. రోడ్డు కనపడలేదు. జనం కనపడ్డారు.

గడప నుంచి కిరాణా కొట్టు దాకా వరస. పత్తి ఏరే కాలంలో కూలి మానుకుని వచ్చిన ఆడవాళ్లు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు, చంకన పిల్లలు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు. కవర్లలో ఏమున్నాయో జయప్రకాశ్ చూడలేదు. అతనికి కళ్లు చెమర్చాయి. కవర్లలో టిఫిన్ అనుకున్నాడు. రోజంతా వినడానికి సిద్ధపడి వచ్చారనుకున్నాడు.

"ఎంతమంది ప్రసూనా?" అన్నాడు, వెనక్కి తిరగకుండా, గెలిచినవాడి గొంతుతో.

"అరవై రెండు" అంది ప్రసూన. జనాన్ని చూసింది, కవర్లను చూసింది, మొగుణ్ణి చూసింది. ఏదో అనబోయి మానుకుని లోపలికి పోయింది. ఓడిపోయిన ఆడది ఇలాగే పోతుంది కాబోలు అనుకున్నాడు జయప్రకాశ్. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు కనక గుర్తుపట్టే వీలు లేదు.

ఉపన్యాసం మొదలుపెట్టాడు. పూసల చట్రం చూపించాడు. చార్లెస్ బాబేజీ అనే ఆయన ఇంగ్లండులో ఇత్తడి చక్రాలతో లెక్కల యంత్రం కట్టబోయాడని చెప్పాడు. ముప్పై టన్నుల కంప్యూటర్ గురించి చెప్పాడు. జనం కదలకుండా విన్నారు. ఒక్కరు ఆవులించలేదు. ఒక్క పిల్ల ఏడవలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఈ ఓపిక అని అతను మనసులోనే దండం పెట్టాడు.

వెనక వరసలో ఒకామె పక్కామెతో అంటుంటే వినపడింది. "సర్వర్ డౌన్ ఉన్నట్టున్నది. అది వచ్చేదాంక సారు ఏదో ముచ్చట చెప్తుండు."

అప్పటికి గాని అతనికి కవర్లు కనపడలేదు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు. ఆ నెలలో కార్డులో పేరున్న ప్రతివాళ్లూ వేలిముద్ర వెయ్యాలని, వెయ్యకపోతే పేరు పోతుందని ఊళ్లన్నీ ఒకటే మాట. ఈ చుట్టుపక్కల కంప్యూటర్ అంటే వేలు పెట్టే చోటు. పింఛనుకు వేలు, బియ్యానికి వేలు, బ్యాంకులో వేలు. కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు, ముసలివాళ్లు ముందు, ఇదే ఆఖరు, రాకపోతే వెనకబడతారు అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

తప్పు జరిగిందని చెప్పెయ్యాలి. చెప్పడానికి నోరు తెరిచాడు. నోట్లోంచి "ఇప్పుడు 386 మిషను చూద్దాం" అని వచ్చింది. మనిషి లోపల ఎవరున్నారో మనిషికే తెలియదు.

మీట నొక్కాడు. పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. తర్వాత ఫ్లాపీ పెట్టే సందులోంచి చీమల బారు, గుడ్లు నోట కరుచుకుని, వరస తప్పకుండా దిగింది. జనం తమ వరసను కొంచెం పక్కకు జరిపి వాటికి దారి ఇచ్చారు.

దాని పక్కన పెట్టిన రెండో కంప్యూటర్ మాత్రం వెలిగింది. దాని మౌస్ వెల్లకిలా పడి ఉంది. పొట్టలో ఎర్ర లైటు.

ఎర్ర లైటు చూడగానే వరసలో మొదట నిలబడ్డ రూప్లి ముందుకొచ్చింది. పది మైళ్ల అవతలి తండా ఆమెది. డెబ్బై దాటాయి. ఎవరూ చెప్పకుండానే బొటనవేలు కొంగుకు తుడుచుకుని, మౌస్ పొట్ట మీద గట్టిగా అదిమింది.

"అయ్యిందా సారూ?"

కాలేదు అనవచ్చు. ఇది అది కాదు అవ్వా అనవచ్చు. అంటే అరవై రెండు మంది వెళ్లిపోతారు, గది పోతుంది. ఆమె అతని ముఖంలోకి చూస్తోంది. అలా అతని ముఖంలోకి ఒక మనిషి ఆశగా చూసి పదకొండేళ్లయింది.

"అయింది" అన్నాడు.

ఆ మాట అన్నాక అతని బతుకు అతని చేతుల్లోంచి జారిపోయింది. రూప్లి పక్కకు జరిగింది. రెండోవాడు వేలు పెట్టాడు. మూడో ఆమె, నాలుగో ఆమె. జయప్రకాశ్ ప్రతిసారీ తెర వైపు గంభీరంగా చూసి ఏ ఎస్ డి ఎఫ్ కొట్టి "అయింది" అంటున్నాడు. పదకొండో వేలు దగ్గరికి వచ్చేసరికి ఎవరి వేలు సరిగా పడలేదో కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

పన్నెండో మనిషి జంపక్క. కోయగూడెం నుంచి వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివింది. అచ్చుపడిన అక్షరం కంటపడితే చదవకుండా వదలదు.

"చీటీ రాదా సారూ?"

"ఏం చీటీ?"

"వేలు పెడితే చీటీ వస్తది గదా. చీటీ లేకుంటే అయినట్టు ఏం లెక్క?"

"అవ్, చీటీ రావాలె" అన్నారు పదకొండు మందీ, అప్పటిదాకా కూర్చున్నచోటు నుంచి లేచి.

 జయప్రకాశ్ మూల నుంచి పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ లాగి తగిలించాడు. అందులోకి ఏదో ఒకటి పంపాలి. చేతికి దొరికిన ఫైలు 2003 నాటి పాఠం. ప్రింటర్ ఒకసారి మూలిగింది. ఆ తర్వాత గది అదిరేట్టు కొట్టడం మొదలుపెట్టింది. ఆపితే ఆగలేదు. కాగితం మూరలకొద్దీ బయటికి వస్తుంటే చింపి చింపి తలా ఒక ముక్క పంచాడు. జనం కళ్లకద్దుకుని కవర్లలో పెట్టుకున్నారు. ఆ క్షణంలో అతనికి చచ్చిపోవాలనిపించింది గాని, ప్రింటర్ చప్పుడులో ఆ ఆలోచన కూడా సరిగా సాగలేదు.

"సారూ" అంది జంపక్క, తన ముక్క వెలుతురుకు పెట్టి. "ఇంగ్లీషుల చార్లెస్ బాబేజీ అని ఉన్నది. పుట్టుక 1791 అని ఉన్నది."

"అవును."

"మా ఇంట్ల ఈ పేరుగల్లాయన ఎవ్వరు లేరు."

"అది... అది అందరికీ వస్తుంది."

"అందరికా?" జంపక్క పక్కవాళ్ల చీటీలు తీసుకుని చదివింది. దస్రు చీటీలో చార్లెస్. రూప్లి చీటీలో చార్లెస్. "ఓ అక్కా, ఎవలో చార్లెస్ అంట. రెండు వందల ముప్పై ఏండ్ల ముసలాయన. అందరి కార్డులల్ల ఆయన్నే ఎక్కించిండు సారు."

 గదిలో లెక్కలు మొదలయ్యాయి.

"మనిషికి ఆరు కిలోలు. ఆయనకు ఇంటికో ఆరు కిలోలు పోతయా?"

"గన్ని కిలోలు ఆయన ఏం జేసుకుంటడు?"

"అమ్ముకుంటడు. ఇంకేం జేస్తడు."

"ఆయన లేడు. చనిపోయాడు. ఎప్పుడో చనిపోయాడు" అన్నాడు జయప్రకాశ్.

"సచ్చినోళ్ల పేరు మీద బియ్యం తింటున్నవా సారూ?" అన్నాడు దస్రు. ఆ గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువ ఉంది. "నా ఆటోల తీస్కొచ్చిన గదా అందర్ని. నా ముఖం ఏడ పెట్టుకోవాలె."

జయప్రకాశ్ చెప్పేశాడు. మౌస్ అంటే ఏమిటో, చీటీ అంటే ఏమిటో, గది సంగతేమిటో, అన్నీ ఒక్క ఊపిరిలో. అందరూ తిడతారనుకున్నాడు. కొందరు తిట్టారు. అది పర్వాలేదు. రూప్లి తిట్టలేదు. తన బొటనవేలు తిప్పి చూసుకుంది. పత్తి, మిరప, తునికాకు ఏరి ఏరి నున్నగా అరిగిపోయిన వేలు.

"ఏడు నెలల సంది ఏ మిషన్ల పడలే నా వేలు" అంది. "నీ మిషన్ల పడ్డదంటే సంబురపడ్డ బిడ్డా."

డెబ్బై ఏళ్ల వేలు, పనికిరాని ఎర్ర లైటు, వాటి మధ్య తన ఒక్క మాట. గది కోసం ఇంత కిందికి దిగవచ్చని అతనికి అంతకుముందు తెలియదు. ఇంకా కిందికి కూడా మెట్లున్నాయేమోనని భయమేసింది.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. ప్రసూన చేతిలో బియ్యం పంచే మిషను, దానికి తగిలించిన వేలిముద్రల పరికరం.

"వరస కట్టుండ్రి. కార్డులు బయటికి తియ్యుండ్రి. చీమల దిక్కు నిలబడకుండ్రి."

"అది ఎక్కడిది?" అన్నాడు జయప్రకాశ్.

"రేషన్ షాపు మా మహిళా సంఘానికి ఇచ్చిండ్రు. నా పేరు మీద. మిషన్ నిన్న చేతికొచ్చింది. రేపటి నుంచి షాపు. గందుకే గది అడిగిన."

"మిషను వాడటం నీకెలా వచ్చు?"

"పోయిన నెల రెండు రోజులు వైరాల మా చెల్లె ఇంటికి పోయిన గదా. పోలే. ట్రైనింగ్‌కు పోయిన."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు నేర్పిస్తరని భయమైంది" అంది ప్రసూన.

రూప్లిని ముందు కూర్చోబెట్టింది. బొటనవేలు పడలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టించింది. పడలేదు. చూపుడువేలు పడలేదు. జయప్రకాశ్ పక్కనుంచి చూస్తున్నాడు. పడకూడదని అతనిలో ఒక మూల ఉంది. ఆ మూలను తనే చూసి తలదించుకున్నాడు. ప్రసూన ఆ ముసలి చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు రుద్ది వెచ్చబెట్టి, ఎడమచేతి ఉంగరం వేలు పెట్టించింది. మిషను కూసింది. బెత్తెడు చీటీ బయటికి వచ్చింది.

రూప్లి దాన్ని జంపక్క చేతికి ఇచ్చింది. "ఇందుల ఆ ముసలాయన ఉన్నడా?"

జంపక్క రెండుసార్లు చదివింది. "లేడవ్వా. నువ్వే ఉన్నవ్."

పన్నెండు దాటేసరికి అరవై రెండు మందికీ చీటీలు అందాయి. జయప్రకాశ్‌కు అప్పుడు ఒక సంగతి తట్టింది. దిగులులో కూడా తట్టిందంటే మనిషి ఎలాంటివాడో చూడండి.

"అయినా ప్రసూనా, పదిమంది గడప దాటి వచ్చారుగా. పందెం ప్రకారం..."

 ప్రసూన జనం వైపు తిరిగింది. "ఇందుల సారు కంప్యూటర్ చూడనీకి వచ్చినోళ్లు జర చెయ్యెత్తుండ్రి."

ఎవరూ ఎత్తలేదు. గదిలో ఒక్క చెయ్యి మాత్రం సగం దాకా లేచి ఉంది. అది తనదేనని గమనించి జయప్రకాశ్ తల గోక్కున్నాడు.

సాయంత్రానికి సామాను దొడ్లోకి పోయింది. 386 పెట్టె ఒక్కటి లోపల మిగిలింది. చీమలు ఖాళీ చేశాయి కనక, నాలుగు మూలలూ సమంగా ఉంది కనక, దాని మీద కాటా పెట్టింది ప్రసూన. కాటా దగ్గర జయప్రకాశ్‌ను పెట్టింది.

సోమవారం పొద్దున షాపు తెరిచారు. తొమ్మిదిమందికి బియ్యం పోశాక మిషను బిగుసుకుపోయింది. సర్వర్ రావటం లేదంది ప్రసూన. వరస గొణిగింది. ఎండ ఎక్కుతోంది.

"ఏమండీ, వీళ్లకు జర ఏమన్న చెప్పుండ్రి. అది వచ్చేదాంక."

అతను కాటా పళ్లెం తుడిచాడు. నిన్నటి తర్వాత ఈ ముఖాల ముందు నోరెలా వస్తుంది? వరసలోంచి జంపక్కే అడిగింది. "సారూ, ఆ చార్లెస్ మిషన్ కట్టిండన్నవ్ గదా. పూర్తి అయ్యిందా?"

ఇన్నేళ్లలో ఉద్యోగం వస్తుందా అని కాకుండా ఇంకో ప్రశ్న అడిగిన విద్యార్థి లేడు.

"కాలేదమ్మా" అన్నాడు. "కొన్ని ముక్కలే కట్టగలిగాడు. బతికినన్నాళ్లూ దాని గురించే ఆలోచించాడు. కాగితాల మీద అంతా గీశాడు. ఏ చక్రం ఎటు తిరగాలో, అన్నీ ఆయనకు తెలుసు. కానీ చూసేవాళ్లకు..."

మిషను కూసింది.

"వచ్చింది, వచ్చింది" అన్నారు జనం. వరస ఒక్కసారిగా ముందుకు జరిగింది.

"తర్వాత చెప్పు సారూ. లైన్ పోతది" అంది జంపక్క, సంచి సర్దుకుంటూ.

జయప్రకాశ్ 'చూసేవాళ్లకు' అన్న మాట దగ్గరే ఆగిపోయిన వాక్యాన్ని నోట్లోనే పెట్టుకుని చాట అందుకున్నాడు. ఆరు, పన్నెండు, పద్దెనిమిది. బియ్యం జారుతోంది. చేతులు పోస్తూనే ఉన్నాయి గాని, కళ్లు మిషను మీదే ఉన్నాయి. సర్వర్ ఉన్నంతసేపూ వెలిగే దాని పచ్చ దీపం ఆరిపోతే బాగుండునని, ఒక్క పది నిమిషాలు ఆరిపోతే చాలునని లోపలెవరో మొక్కుకుంటున్నారు. ఎదురుగా ఎండలో పిల్లలతో నిలబడ్డ ఆడవాళ్లు కనపడుతూనే ఉన్నారు. అయినా మొక్కు ఆగటం లేదు.

తల ఎత్తేసరికి ప్రసూన అతన్నే చూస్తోంది.  మిషనును తన వైపు కొంచెం తిప్పుకుంది, దీపం అతనికి కనపడకుండా.